కొడిగెనహళ్లి ఫారం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా హిందూపురంలో జరిగిన సభలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. డి.ఏ. బకాయిల గురించి మాట్లాడేవారు నా తర్వాత ఉన్నారు కాబట్టి సభ చివరిదాకా ఎవరూ లేవరన్న ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

డిసెంబరు 17 మనకెందుకు పండుగో అందరికీ తెలుసు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను అంటే యజమాని దయతలచి ఇచ్చే ఈనాం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. మనం దాన్ని ఏటా తలుచుకుంటాం. అయితే నేను ముప్పయ్యైదేళ్ళు పనిచేసింది బళ్ళలో. పేదవాడి పిల్లకు చదువు కూడా దయా, హక్కా అన్న ప్రశ్న సర్వీసు మొత్తం మీద నాకు ఎదురవుతూనే వచ్చింది. అందుకని ఈ రోజు మన ప్రాంతంలో పేదపిల్లలకు చదువు అందించడానికి జరిగిన ప్రయత్నాల గురించి, అందులోనూ ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కొడిగెనహళ్లి గురుకుల పాఠశాల గురించి నాకు తెలిసింది చెబుతాను. నేను ఆ స్కూల్లో పనిచేయలేదు. దాని గేటు బయట నిలబడిన వాణ్ణి. ఫారాలు నింపి పంపిన వాణ్ణి. బయట నుంచి కనబడినదే చెబుతాను.

నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గం గుంట పక్కన. మా నాయన అంచు చీరలు నేసేవాడు. అంచు చీరకు అవతలి పక్క నాడె అందించడానికి ఒక చిన్న చెయ్యి కావాలి. ఆ చెయ్యి మా అన్నది. ఇద్దరం ఒకే ఏడు పలక పట్టుకున్నాం. మూడో తరగతిలో అన్నను మానిపించారు, నన్ను ఉంచారు. ఎందుకు నన్నే ఉంచారని తర్వాత చాలాసార్లు అడిగాను. "నీకు మెల్లకన్ను ఉండె గదరా, పోగు తెగితే కనపడదనుకొంటిమి" అనేది మా అమ్మ. అంటే నాకు ఉద్యోగం ఇచ్చింది ఏ సర్వీసు కమిషనో కాదు, నా మెల్లకన్ను. (నవ్వకండి, ఇప్పుడు శుక్లాలకు ఆపరేషన్ చేసిన డాక్టరు ఆ కన్నే బాగుందన్నాడు.)

ఆ రోజుల్లో మన పల్లెల్లో అయిదో తరగతి దాటితే చదువు లేదు. హైస్కూలు కావాలంటే పెనుకొండకో హిందూపురానికో ధర్మవరానికో రావాలి. వస్తే కూడు ఎవరు పెడతారు? దానికి అప్పటికే ఒక జవాబు ఉండేది, హాస్టలు. మన జిల్లాలు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి కదా. ఆ ప్రెసిడెన్సీలో 1920 ప్రాంతాల నుంచే అణగారిన కులాల పిల్లల బళ్ళు, ఉపకార వేతనాల బాధ్యత లేబర్ డిపార్టుమెంటుకు అప్పగించారు. మెట్రిక్ తర్వాత చదివే షెడ్యూల్డు కులాల వారికి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది, అంటే స్వాతంత్ర్యానికి ముందే. నేను చదివే రోజుల్లో హరిజన హాస్టలు అనేవారు, పిమ్మట సాంఘిక సంక్షేమ హాస్టలు అయింది. మనలో ఎంతమంది ఆ హాస్టళ్ళ రాగిముద్ద తిని పైకొచ్చారో చేతులెత్తమని అడగను గానీ, ముందు వరుసలోనే నలుగురైదుగురు నాకు తెలుసు. ఆ కంచం లేకపోతే ఈ కుర్చీ లేదు.

హాస్టలు కూడు పెట్టింది, నీడ ఇచ్చింది. చదువు మాత్రం బయట బడిలోనే. ఆ బడి ఎట్లా ఉంటే చదువు అట్లా. లెక్కల మాస్టారు ట్రాన్స్‌ఫరై పోతే ఆ ఏడు లెక్కలు లేనట్లే. సాయంత్రం హాస్టల్లో సందేహం తీర్చేవాడు లేడు. తిండికీ చదువుకూ ఒకే కప్పు ఉండాలన్న ఆలోచన అక్కడ నుంచే పుట్టిందని నా అభిప్రాయం.

1971 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 25 మంది కూడా అక్షరాస్యులు లేరు. ఆడవాళ్ళలోనైతే 16 మంది లోపే. ఆ సంవత్సరం సెప్టెంబరు నెలాఖరున పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. అంతకు ముందు విద్యాశాఖ చూసినవారు. రెండు నెలలు తిరక్కుండానే, నవంబరులో, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. మరుసటేడు, 1972లో, కోస్తాకు గుంటూరు జిల్లా తాడికొండలోనూ, మన రాయలసీమకు ఇక్కడ కొడిగెనహళ్లిలోనూ ఒక్కొక్కటి పెట్టారు. మూడు ప్రాంతాలకు మూడు బళ్ళు. మన సీమకు దక్కింది హిందూపురం తాలూకాలో, కన్నడ సరిహద్దు పల్లెలో. ఊరి పేరులోనే హళ్ళి ఉంది చూడండి. కడప నుంచీ కర్నూలు నుంచీ చిత్తూరు నుంచీ వచ్చిన పిల్లలకు ఆ పేరు నోరు తిరగడానికే వారం పట్టేదట.

పద్ధతి ఏమిటంటే, పల్లె బళ్ళలో చదివే పేద పిల్లలకు పరీక్ష పెట్టి, అందులో నెగ్గినవారిని తీసుకుంటారు. తిండి, బట్ట, పుస్తకం, పడక అన్నీ ప్రభుత్వానివే. అయ్యవార్లు కూడా ఆ ఆవరణలోనే కాపురముంటారు. తెల్లవారుజామున వ్యాయామం దగ్గర నుంచి రాత్రి స్టడీ దాకా పిల్లలూ పంతుళ్ళూ ఒక్కచోటే. డబ్బున్నవాడి కొడుకు ప్రవేశించలేని మంచి బడి అన్నది మన దేశంలో కొత్త సంగతి. అప్పటిదాకా మంచి బడి అంటే ఫీజు బడి.

ఆ స్కూలు పుట్టిన గడియ గురించి ఒక మాట చెప్పాలి. 1972 అంటే మీకు వేరే ఏమీ గుర్తు చేయక్కర్లేదు. ఆ ఏడు చివర్లోనే జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. మన ఎన్.జి.ఓ.లు సమ్మె కట్టారు, జీతాలు లేవు, బడులు నెలల తరబడి మూతబడ్డాయి. ఇక్కడ కూర్చున్నవారిలో ఆ సమ్మెలో అప్పు చేసి బియ్యం తెచ్చుకోనివారు ఎవరైనా ఉన్నారా? 1973 జనవరిలో పి.వి. గారి మంత్రివర్గమే పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. పెట్టినవాడు పోతే పెట్టింది కూడా పోవడం మన రాజకీయాల్లో మామూలే. కానీ ఈ మూడు బళ్ళూ పోలేదు. తర్వాత వచ్చినవారెవరూ వాటిని మూయలేదు సరిగదా, పెంచారు. 1977లో నాగార్జునసాగర్‌లో గురుకుల డిగ్రీ కళాశాల వచ్చింది. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు పేపర్లో రాష్ట్ర ర్యాంకుల జాబితా చూస్తే సర్వేల్, తాడికొండ, కొడిగెనహళ్లి, ఈ మూడు పేర్లే కనబడే కాలం ఒకటి నడిచింది. చెనిక్కాయలు పెరికే ఇంటి పిల్లవాడు రాష్ట్రంలో మొదటి పది మందిలో ఉండడం చూసి, టౌనుల్లో పేరుపడ్డ స్కూళ్ళవారు ముఖముఖాలు చూసుకున్నారు.

ఇక నా సంగతి. 1969లో సర్వీసులో చేరాను. ఆరేడేళ్ళు పెనుకొండ తాలూకా పల్లెల్లో తిరిగాను. కేర్ సంస్థవారి పిండితో ఉప్మా వండి పిల్లలకు పెట్టిన రోజులు. ఉప్మా వాసన వచ్చిన తర్వాత ఎక్కాలు చెప్పించడం ఏ అయ్యవారి వల్లా కాదు. కొడిగెనహళ్లి సంగతి నాకు తెలిసింది ఒక సమావేశంలో. ఏదో సర్క్యులర్ చదువుతున్నారు, నేను నిద్రమత్తులో ఉన్నాను. పక్కాయన మోచేత్తో పొడిచి, "పల్లె పిల్లలకేనంట, మీ బళ్ళో ఎవురన్నా ఉండారా?" అన్నాడు. ఉన్నాడు ఒకడు. గొర్రెలవాళ్ళ పిల్లవాడు. వాళ్ళ నాయన గొర్రెలకు గుర్తులు పెట్టి లెక్క చెబితే, ఎన్ని అమ్మితే అప్పు తీరుతుందో వీడు నోటితో చెప్పేవాడు.

ఫారం తేవడం, నింపడం, కరణం చేత రాయించడం, తాలూకా కచేరీలో ఆదాయ ధృవపత్రం, ఇవన్నీ అయ్యేసరికి నాకు నాలుగు ఆదివారాలు పోయాయి. ఆ పిల్లవాడి తండ్రికి ఆదాయం లేదని రుజువు చేయడానికి బస్సు చార్జీలకు మాత్రం ఆదాయం కావలసి వచ్చింది. అది నేనే పెట్టుకున్నాను. పరీక్ష రోజు వాణ్ణి వెంటబెట్టుకుని పోయాను. మీటరు గేజి బండి, కిటికీలో నుంచి బొగ్గు నుసి. వాడు రైలెక్కడం అదే మొదలు. పరీక్ష ఎట్లా రాశావురా అంటే చెప్పలేదు, ఇంజనుకు నీళ్ళు ఎక్కడ పడతారని అడిగాడు. సీటొచ్చింది. ఇంటికి పోయి చెబితే వాళ్ళ నాయన సంతోషించలేదు. "మా పిల్లోణ్ణి తోలకపోతే గొర్లు ఎవురు తోలతారు సామీ, నువ్వు తోలతావా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి ప్రభుత్వం దగ్గర గానీ నా దగ్గర గానీ జవాబు లేదు. వాళ్ళ అవ్వ కలగజేసుకుని, "నేను తోల్తాలేరా, పోనీ వాణ్ణి" అన్నది. అరవై దాటిన ముసలామె. ఆ మాట మీద వాడు కొడిగెనహళ్లి పోయాడు, తర్వాత ఇంటరు, డిగ్రీ, బ్యాంకు ఉద్యోగం. ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు, వాడు కూడా రిటైరయ్యాడు. ఫోన్ చేస్తే ఇప్పటికీ మొదట అడిగేది, "సార్, బి.పి. మాత్ర ఏసుకొన్నారా?" అని.

ఆ బడిలోనే ఒక ఆడపిల్ల ఉండేది. చెప్పాలంటే లెక్కల్లో వాడి కంటే ముందు. వాడి ఫారం నింపుతుంటే నా కుర్చీ పక్కన వచ్చి నిలబడింది. "నాకు లేదా సార్ ఫారం?" అన్నది. కొడిగెనహళ్లి మగపిల్లల బడి. లేదమ్మా అన్నాను. సరేనని పోయి తన చోట కూర్చుంది. ఏడవలేదు, మళ్ళీ అడగలేదు. రెండేళ్ళకు పెళ్ళి చేశారు. ఆడపిల్లలకు గురుకులాలు రావడానికి, వాటిలో సీట్లు చెప్పుకోదగ్గన్ని కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. హాస్టళ్ళకూ ఈ బళ్ళకూ ఊపిరి పోసిన అధికారుల్లో ఎస్.ఆర్. శంకరన్ గారిని తలుచుకోకపోతే తప్పు. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మంజూరయ్యాయి, బడి మానేసిన ఆడపిల్లల కోసం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ నిజామాబాదు జిల్లాలో సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. ఆ వార్త టీవీలో చూస్తున్నప్పుడు నాకు హిమాలయం కనబడలేదు. కుర్చీ పక్కన నిలబడిన పిల్లే కనబడింది.

మధ్యలో నవోదయ సంగతి. 1985లో పి.వి. గారు కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యారు. సర్వేల్‌లో వేసిన నారునే దేశమంతటా నాటారనవచ్చు. ఆ విద్యాసంవత్సరంలోనే హర్యానాలో ఒకటి, మహారాష్ట్రలో ఒకటి మొదలై, తర్వాత జిల్లాకొకటి చొప్పున జవహర్ నవోదయ విద్యాలయాలు వచ్చాయి. మన అనంతపురం జిల్లాకు లేపాక్షిలో పెట్టారు. నూటికి 75 సీట్లు పల్లె పిల్లలకే, మూడో వంతు ఆడపిల్లలకు. చిత్రమేమంటే రెండు పేరున్న బళ్ళూ మన హిందూపురం చుట్టుపక్కలే. బయటి జిల్లాల వారు మన ఊరి పేరు చెబితే చింతపండు మార్కెట్టో, లేపాక్షి నందో అంటారు. ఈ రెండు బళ్ళను కూడా కలిపి చెప్పుకోవలసింది.

ఇంత మెచ్చుకున్న తర్వాత నాకున్న అసంతృప్తి కూడా చెప్పనివ్వండి. పరీక్ష పెట్టి ఏరుకోవడమంటే నూరు మందిలో ఒకణ్ణి పైకి లాగి, తొంభై తొమ్మిది మందిని ఉన్నచోటే ఉంచడం. ఆ ఒక్కడు వెళ్ళిపోయిన తర్వాత మా బళ్ళో మిగిలిన పిల్లలకు పోటీ పడడానికి కూడా ఎవరూ లేకపోయారు. మన జిల్లా వానలు మీకు తెలియనివి కావు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. చెనిక్కాయ పంట పోయిన ఏడు తల్లిదండ్రులు బెంగళూరు బండి ఎక్కితే పిల్లలూ ఎక్కేవారు. హాజరు పట్టీలో వరుసగా ఆబ్సెంట్లు పెట్టుకుంటూ పోయేవాణ్ణి. ఆ పిల్లల్ని ఊళ్ళో నిలబెట్టింది గురుకులం కాదు, మామూలు హాస్టలు. 2003 జనవరి నుంచి బళ్ళో పెట్టిన మధ్యాహ్న భోజనం. 1969లో మన జిల్లాకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన విన్సెంట్ ఫెర్రర్ గారి ఆర్.డి.టి. పల్లెల్లో సాయంత్రం నడిపిన బడులు. వీటికి ర్యాంకులు రావు, పేపర్లో ఫోటోలు పడవు. ర్యాంకుల బళ్ళను మెచ్చుకునేవారు వీటిని కూడా ఓసారి తలుచుకుంటే బాగుంటుంది.

ఇంకొకటి. ఏ పథకమైనా పిల్లవాడి దగ్గరికి తనంతట నడిచి రాదు. ఫారం రూపంలో వస్తుంది. ఆ ఫారం సంగతి తెలిసినవాడు, నింపగలిగినవాడు, తేదీ లోపల అందజేసేవాడు ఊళ్ళో ఒకడుండాలి. వాడు లేకపోతే పథకం రాజధానిలో ఉన్నట్టే, పిల్లవాడు పల్లెలో ఉన్నట్టే. ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు.

1978 ప్రాంతంలో నేను ధర్మవరం తాలూకాలో ఒక ఊళ్ళో పనిచేస్తున్నాను. మగ్గాలున్న ఊరు. నేతవాళ్ళ పిల్లవాడొకడు, పన్నెండేళ్ళు. పొద్దున మగ్గం దగ్గర నాడె అందించి, పదిన్నరకు బడికి పరుగెత్తుకొచ్చేవాడు. వేళ్ళకు జరీ గీతలు. వాడు సీటు కొడతాడని నాకు నమ్మకం. వాళ్ళ నాయనను ఒప్పించడానికి మా అన్న కథ చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు. ఫారం నింపాం, ధృవపత్రం వచ్చింది, ఫోటో అతికించాం. ఇక పోస్టు చేయడమే మిగిలింది. మంచిది, నేనే ధర్మవరం పోయి రిజిస్టరు పోస్టులో వేస్తానని నా ట్రంకు పెట్టెలో పెట్టుకున్నాను.

ఆ వారమే మా చెల్లెలి పెళ్ళి. పందిరి గుంజలు, పురోహితుడు, బంధువుల బండ్లు, వంటవాడి బేరం. నేను పెళ్ళికొడుకు వాళ్ళ అలకలు తీరుస్తూ తిరిగాను. ఎనిమిదో రోజు ఊరికి తిరిగొచ్చి, పంచ కోసం పెట్టె తెరిస్తే పైనే ఉంది ఆ కవరు. ఆఖరు తేదీ దాటి మూడు రోజులైంది. అయినా పరుగెత్తుకుంటూ పోయి పోస్టులో వేశాను. ఏమీ రాలేదు. ఎందుకొస్తుంది?

నేను ఆ పిల్లవాడికి నిజం చెప్పలేదు. "హాల్ టికెట్ రాలేదురా, ఈసారి చాలామంది రాసినట్టున్నారు" అన్నాను. వచ్చే ఏడు చూద్దామన్నాను. వచ్చే ఏటికి వాడు బడిలో లేడు, రెండు చేతులా నేస్తున్నాడు. నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. అది వస్తే నాకు హాయిగా అనిపించిందని ఈ రోజు ఒప్పుకుంటున్నాను. ఆఫీసుల వల్ల పేదవాడి పని చెడిందని మనం కథలు కథలుగా చెప్పుకుంటాం. ఇందులో ఏ గుమాస్తా తప్పూ లేదు, ఏ పోస్టుమన్ తప్పూ లేదు. మా ఇంట్లో ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. నా కొడుకు, కోడలు మూడో వరుసలో కూర్చుని ఇప్పుడే వింటున్నారు.

పోయిన ఆగస్టు ఒకటో తేదీన ధర్మవరంలో మా అన్న కొడుకు ఇంటికి పోయాను. పొద్దున్నే వీధిలో పెన్షన్లు పంచుతున్నారు. అరుగు మీద కూర్చున్న ఒకాయన నన్నే చూస్తున్నాడు. అరవై ఏళ్ళు ఉంటాయి, కళ్ళద్దాలు దారంతో కట్టి ఉన్నాయి. డబ్బులు లెక్కపెట్టుకుని లేచి వచ్చి, "సార్, మీరు ఫలానా ఊళ్ళో పన్చేసినారు కదా?" అన్నాడు. గుర్తుపట్టాను. వేళ్ళు చూసి గుర్తుపట్టాను.

కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. "మేమూ పెన్షనర్లమే సార్ ఇప్పుడు" అన్నాడు నవ్వుతూ. నేత పెన్షను, 2024 జూలై నుంచి నెలకు 4,000. "మీకెంతొస్తాది సార్?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, మామూలుగా అడిగాడు. నేను అంకె చెప్పలేకపోయాను. ఏదో వస్తుందిలేప్పా అన్నాను. ఆ తర్వాత, నలభై ఏడేళ్ళ తర్వాత, కవరు సంగతి చెప్పాను. పెట్టెలో ఉండిపోయిందని, హాల్ టికెట్ మాట అబద్ధమని.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. గ్లాసు కింద పెట్టి, "మా నాయన చచ్చిపోయేదాంకా అనేటోడు సార్, పరీక్ష రాసే యోగం కూడా లేదు వీనికి అని. రాసి పోయింటే నాకూ ఇంత ఉండేది కాదేమో" అన్నాడు. క్షమించాననలేదు, నేనూ అడగలేదు. ఇంతలో లోపల నుంచి ఒక పిల్ల పుస్తకాల సంచితో వచ్చింది. మనవరాలు, నాలుగో తరగతి. ఆయన దాని భుజం మీద చెయ్యి వేసి, "అయిదులో చేర్చుకుంటారంట కదా సార్ గురుకులంలో. ఆడపిల్లలకూ ఉండాదంట. ఫారం యాడ దొరుకుతాది?" అన్నాడు.

ఇప్పుడు ఫారం దొరకదు, కంప్యూటర్లో నింపాలి. నోటిఫికేషన్ మామూలుగా సంక్రాంతి దాటిన తర్వాత, వేసవి ముందు వస్తుంది. అది వచ్చిన తర్వాత కాగితాల కోసం తిరిగితే ఆలస్యమవుతుందని ఇప్పటి నుంచే మొదలుపెట్టాం. ఆదాయ ధృవపత్రం మీ-సేవలో పెట్టాం. కుల ధృవపత్రం ఉంది. చిక్కంతా ఆధార్ దగ్గర వచ్చింది. బళ్ళో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఇంకొకటి. ఆసుపత్రి నుంచి జనన ధృవపత్రం తెప్పించేసరికి దసరా దాటింది. నాకు బస్సెక్కడం కష్టంగా ఉంది కాబట్టి మా కోడలే స్కూటరు మీద తీసుకుపోతోంది. పాపం, ఇన్ని తిప్పలు ఎందుకని ఆమె అడగలేదు. ఇప్పుడు తెలిసి ఉంటుంది.

మీలో రెవెన్యూలో పనిచేసినవారున్నారు, పోస్టాఫీసులో, ట్రెజరీలో పనిచేసినవారున్నారు. మన లైఫ్ సర్టిఫికేట్ ఎక్కడ ఇవ్వాలో, ఎన్ని జిరాక్సులు కావాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మీ వీధిలో నాలుగో తరగతి చదివే పిల్ల ఉంటే దాని ఆధార్‌లో పుట్టిన తేదీ ఏముందో ఒకసారి చూడండి. నవోదయ పరీక్ష ఆరో తరగతి ప్రవేశానికి. ఎనిమిదో తరగతి పిల్లలకు కేంద్రం వారి ఎన్.ఎం.ఎం.ఎస్. అని ఇంకొక పరీక్ష ఉంది. 2008లో వచ్చింది, ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళవారికే. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటరు దాకా ఏడాదికి 12,000 రూపాయలు. దీని సంగతి తెలియని ఇళ్ళు మన మూడు ఊళ్ళలోనూ ఉన్నాయి. నేనే పోయిన నెలలో పెనుకొండలో రెండు చూశాను.

ఇరవై నిమిషాలు దాటినట్టుంది, కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఆ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. ఆధార్ సెంటరులో సోమవారం పదింటికి రమ్మన్నారు. మా కోడలు, వాళ్ళ తాత, ఆ పిల్ల పోతున్నారు. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టాం. ఆ కవరు నా దగ్గర లేదు, వాళ్ళ తాత దగ్గరే ఉంది. నా దగ్గర ఉంచమని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.